వేరుశనగ వేళ్ళ మీద బుడిపెలు: ఏవి మేలు, ఏవి కీడు?

వేరుశనగ, కంది, పెసర మొక్కల వేళ్ళ మీద బుడిపెలు ఉంటాయనీ, వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందనీ మీరు జీవశాస్త్రంలో చదివే ఉంటారు. వ్యవసాయ కరపత్రం తెరిస్తే "వేరుబుడిపె నులిపురుగు" అని కనిపిస్తుంది. అక్కడ బుడిపె మేలు, ఇక్కడ కీడు. రెండింటికీ ఒకే మాట వాడి చదువరిని తికమక పెట్టింది పాఠాలు రాసే మావంటి వాళ్ళమే. తెగులుకు "వేరుముడి" అనే మాట కూడా వాడుకలో ఉంది. దాన్నే స్థిరపరచాలని నా అభిప్రాయం. ఇక్కడ నేను అలాగే రాస్తాను.

చేలో మొక్కలు గిడసబారి కనిపిస్తే వెంటనే మందు కోసం దుకాణానికి వెళ్ళకండి. ముందు ఒక మొక్కను పారతో తవ్వి తీయండి. పీకితే సన్నని వేళ్ళు మట్టిలోనే తెగిపోతాయి. వేళ్ళను నీళ్ళలో ముంచి కడగండి. రైజోబియం బుడిపె వేరు పక్కన అంటుకొని ఉంటుంది. గోటితో గిల్లితే ఊడి వస్తుంది. బాగా పనిచేస్తున్న బుడిపెను చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ముడి అలా ఊడదు. అక్కడ ఉబ్బింది వేరే కాబట్టి, లాగితే వేరు తెగుతుంది. ముడిని చీల్చి భూతద్దంతో చూస్తే ముత్యంలా తెల్లగా, సొరబుర్ర ఆకారంలో ఆడ పురుగులు కనిపించవచ్చు. వేరుశనగలో ఊడలకూ కాయలకూ కూడా ముడులు రావచ్చు. మీకు చేను లేకపోతే పెరటిలో ముదిరిన వంగ మొక్కను తవ్వి చూడండి. వంగకు రైజోబియం బుడిపెలు ఉండవు కనుక తికమక లేదు.

ముడి అని తేలితే చాలదా, పురుగు జాతి పేరు రైతుకెందుకు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1949లో చిట్‌వుడ్ అనే శాస్త్రవేత్త విడదీసి చెప్పేవరకు, వేరుముడి నులిపురుగులన్నిటినీ ఒకే జాతిగా లెక్కించేవారు. టమాటా వేళ్ళకు ముడులు కట్టే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా వేరుశనగ మీద పెరగలేదు. అటువంటి పొలంలో వేరుశనగ వేస్తే పురుగు తగ్గుతుంది. అదే పొలంలో ఉన్నది మెలాయిడోగైన్ అరినేరియా రేస్ 1 అయితే, వేరుశనగ వేయడం దానికి విందు పెట్టడమే. టమాటా వేరు మీద రెండు ముడులూ మన కంటికి ఒకేలా ఉంటాయి. తేడా చెప్పవలసింది సూక్ష్మదర్శిని. ఆడ పురుగు వెనుక భాగంలో వేలిముద్రను పోలిన గీతలుంటాయి. వాటిని చూసి జాతిని పోలుస్తారు.

ముడులు లేవు కాబట్టి నులిపురుగు లేదనుకోవడం ఇంకొక పొరపాటు. 1975-76లో అప్పటి చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి ప్రాంతంలో వేరుశనగకు ఒక జబ్బు వచ్చింది. మొక్కలు పొట్టివి, ఆకులు మాత్రం మామూలు కంటే పచ్చన. ఆకును చూసినవారికి ఏం తెలుస్తుంది? నేల కింద ఊడల మీద, లేత కాయల మీద మచ్చలు పడి, కాయలు చిన్నవై నల్లబడ్డాయి. దానికి కారణం టైలెంకోరింకస్ బ్రెవిలినియాటస్ అనే నులిపురుగు అని 1984లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది ముడులు కట్టే రకం కాదు. ఆ జబ్బుకు "కాళహస్తి తెగులు" అనే పేరు నిలిచిపోయింది. రైతు నష్టపోవడం మొదలయ్యాక అసలు కారణం అచ్చులోకి రావడానికి దాదాపు ఎనిమిదేళ్ళు పట్టిందన్నమాట.

కనుక అనుమానం వస్తే మట్టినీ, వేళ్ళనూ దగ్గరలోని వ్యవసాయ పరిశోధనా స్థానానికి గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ పట్టుకెళ్ళండి. పూర్తిగా చచ్చిన మొక్క దగ్గర కాదు, జబ్బు మొదలైన మొక్కల వేళ్ళ చుట్టూ, జానెడు లోతున, నాలుగైదు చోట్ల మట్టి తీసి కలపండి. ఎరువుల కోసం చేయించే మట్టి పరీక్షకు మట్టిని ఆరబెట్టి పంపుతాం. దీనికి ఆరబెట్టకూడదు. ఎండితే పురుగులు చచ్చి పరీక్షకు దొరకవు. తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి, నీడలో ఉంచి, వీలైతే ఆ రోజే అందజేయండి.