భూగర్భంలో ఎవరున్నారు?

సినిమా చూసి వచ్చినవారి అభిప్రాయాలను చులకన చేయడం మన విమర్శకులలో కొందరికి పరిపాటి అయింది. జనానికి కావలసింది తళుకూ ప్రేమా పాటా. భవిష్యత్తు గురించిన ఆలోచన వారికెందుకు? అంటారు. ఈ మాటలోని అహంకారం అలా ఉంచి, ఇది సత్యమేనా?

1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైంది. దాన్ని మెచ్చేవారు ముందుగా తలచుకునేది రాయలవారి కొలువునే; 2504 నాటి లోకం తేలిపోయిందనే మాట తరచు వినబడుతుంది. ప్రేక్షకుడి అసంతృప్తి న్యాయమైనదే. దాని కారణం చెప్పవలసినవారే చెప్పలేదు. ఆ సినిమాకు ప్రేరణ హెచ్. జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'టైమ్ మెషీన్'. ఆ నవలలో భూమి కిందికి నెట్టబడినవారు శ్రామికుల సంతతి. పైన సుఖంగా తిని తిరిగేవారు యజమానుల సంతతి. తెలుగు సినిమాలో భూగర్భం మిగిలింది, శ్రామికుడు మాయమయ్యాడు! అణుయుద్ధం అందరినీ ఒక్కలాగే లోపలికి దింపిందట. ఆ నగరాన్ని తవ్విందెవరు? నీళ్లు తోడేదెవరు?

బెల్లంపల్లిలోనో మందమర్రిలోనో బాయి దిగిన మనిషికి ఈ ప్రశ్న వింతగా తోచదు. ఆ సినిమా వచ్చిన రోజుల్లో సింగరేణి కార్మికులు లక్షకు పైబడి ఉండేవారు. నేడు నలభై వేల చుట్టుపక్కలకు తగ్గారు. భూగర్భ బాయిలు మూతబడుతున్నాయి, ఓపెన్‌కాస్టు గుంతలు ఊళ్లను మింగుతున్నాయి.

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.'లో నాగ్ అశ్విన్ ఆ లోపాన్ని కొంత సవరించారు, ఒప్పుకోవాలి. కాశీలో జనం అలమటిస్తుంటే నీరూ పచ్చదనమూ పైన కాంప్లెక్సులో ఉంటాయి. స్త్రీ గర్భం సైతం తవ్వి తీసుకునే గని అవుతుంది. భైరవ ఆశ ఒక్కటే: పది లక్షల యూనిట్లు కూడబెట్టి పైకి చేరడం. మరి చర్చ దేనిమీద సాగింది? గ్రాఫిక్సు హాలీవుడ్‌కు సరితూగాయా, అశ్వత్థామ ముందు కథానాయకుడు చిన్నబోయాడా, మధ్యలో ప్రేమపాట అవసరమా! (నీరు కరువైన లోకంలో ప్రేమ మాత్రం పాత ధరకే దొరుకుతుంది కాబోలు.)

ప్రేక్షకుణ్ణి నేను నిందించను. 600 కోట్ల ఖర్చని చాటిన ప్రచారం అతడికి వసూళ్ల లెక్క నేర్పింది. సినిమా కూడా విమోచనాన్ని పుట్టబోయే అవతారపురుషుడికి అప్పగించి ఊరుకుంది. కాని 'పలాయనవాదం' అని ఒక్క ముద్ర గుద్ది పక్కకు తప్పుకున్నది మనవారే. తరగతిలో ఈ సినిమా పేరెత్తగానే నవ్వే ఉపాధ్యాయ మిత్రులారా, ఆదిలాబాదు కాలేజీల్లో భైరవలు లేరా? ఊరు గుంతలో పోయినా సరే, తనకు కాంప్లెక్సులో చోటు దొరికితే చాలుననుకునే కుర్రవాడితో వాదించడానికి ఇంతకంటె దగ్గరి దృష్టాంతం ఎక్కడ వెదుకుతారు?