తెలివా? సాధనా?

ఏటా డిసెంబరు 22న పాఠశాలల్లో జాతీయ గణిత దినోత్సవం జరుపుతారు. శ్రీనివాస రామానుజన్ పుట్టు మేధావి అని వక్తలు కొనియాడుతారు. అది విని వెనుక బెంచీ పిల్లవాడు ‘మనకు లెక్కలు రాసిపెట్టి లేవు’ అనుకుంటే ఆ సభ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

రామానుజన్‌ది అసాధారణమైన తెలివి అన్నమాట నిజమే. కాని 1903లో చేతికందిన కార్ గణిత గ్రంథంలోని వేలాది సూత్రాలతో ఆయన ఒంటరిగా కుస్తీ పట్టారు. కాగితం కొనే స్తోమత లేక పలకపై లెక్కలు వేసి, మోచేత్తో తుడిచి, ఫలితాలను మాత్రం నోటు పుస్తకాల్లోకి ఎక్కించేవారు. అదే రామానుజన్ తక్కిన సబ్జెక్టులను పట్టించుకోక కళాశాల పరీక్ష తప్పారు, స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నారు. అంతటి మేధావికైనా చదవని పాఠం రాలేదన్నది గమనార్హం.

తెలివిలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. అయితే ఒక్క పరీక్ష తప్పగానే ‘వీడికి చదువు అబ్బదు’ అని బడి మాన్పించి పనికి పంపే తల్లిదండ్రులు పల్లెల్లో ఇంకా ఉండడం శోచనీయం. ఆడపిల్ల అయితే పెళ్లి చేసేస్తారు. ఏడో ఎక్కం దగ్గర ఆగిన పిల్లవాడికి కావలసింది మొద్దు అనే ముద్ర కాదు, ఆ ఎక్కం ఓపికగా మరోసారి చెప్పే ఉపాధ్యాయుడు. ఈ సంగతి పెద్దలు ఇకనైనా గుర్తించాలి.