ముందు చూసేది మేమే

రాత్రి రెండు దాటింది. బైకు మీంచి పడ్డ కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారు. కదిలిస్తే కేక. నేనూ, వార్డుబాయ్ కలిసి మెల్లగా లేపి వీపు కింద క్యాసెట్ జరిపాం. స్క్రీన్ మీద బొమ్మ రాగానే గుండె ఝల్లుమంది. కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది, చుట్టూ గాలి నల్లగా కమ్మేసింది. ఫిల్మ్ కోసం ఆగకుండా క్యాజువాల్టీకి పరుగెత్తి చెప్పాను. "మీరు తీసి పంపండి చాలు, చూడ్డానికి మేమున్నాం" అన్నారు డ్యూటీ డాక్టరుగారు. అరగంట తర్వాత ఛాతీలో గొట్టం వేశారు. కుర్రాడు బతికాడు. ఆ అరగంట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇరవై రెండేళ్లుగా ఈ ఎక్స్‌రే గదిలోనే ఉన్నాను. జనం 'ఫోటో తీసేవాడు' అంటే బాధ లేదు, వాళ్లకేం తెలుసు? పక్క గదుల్లో పనిచేసేవాళ్లూ అలాగే అనుకుంటారు, అదీ బాధ. తుంటి విరిగిన ముసలమ్మను ఎలా పడుకోబెడితే నొప్పి తక్కువో, ఎంత డోసుకు ఒక్కసారికే బొమ్మ వస్తుందో మా చేతులకు తెలుసు. మళ్లీ తీస్తే ఆ రేడియేషన్ ఆమె ఒంటికేగా! "పెద్దమ్మా, ఊపిరి బిగపట్టు" అంటే వినబడకపోతే, మేమే పీల్చి ఆపి చూపిస్తాం. మా ఛాతీ మీది టీఎల్‌డీ బ్యాడ్జీని మూణ్ణెల్లకోసారి పంపి, మాకు తగిలిన రేడియేషన్ లెక్క కడతారు. మేం ముందే పసిగట్టిన కేసుల లెక్క ఎవరి దగ్గరా లేదు.

బ్రిటన్‌లో 1980లలోనే, అనుమానం వచ్చిన ఫిల్మ్ మీద రేడియోగ్రాఫర్ ఎర్రచుక్క అంటించే పద్ధతి వచ్చింది. తర్వాత పైచదువు చదివి రిపోర్టులే రాస్తున్నవాళ్లున్నారు. నేను అంత అడగడం లేదు. రోగ నిర్ధారణ డాక్టర్లదే. ఆ చుక్క పెట్టనివ్వమంటున్నాను.

2021లో మాలాంటి వృత్తులకు గుర్తింపునిచ్చే అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చినప్పుడు మా డిపార్టుమెంటులో స్వీట్లు పంచుకున్నాం. మా డ్యూటీ చార్టులో ఒక్క ముక్క మారలేదు. ఇప్పుడు టీబీ శిబిరాలకు చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మిషన్లు, వాటితో ఏఐ కూడా వచ్చాయి. అది అనుమానం చూపిస్తే అందరూ వంగి చూస్తారు. చూడాల్సిందే, టీబీ ముందే దొరకాలి. ఆ బొమ్మ తీసిన మనిషి అదే చోట వేలు పెట్టి చూపిస్తే ఎందుకు వినరు?

మా ఎక్స్‌రే చీటీ కింద రెండంగుళాల ఖాళీ ఉంది. ఇప్పుడక్కడ ఎన్ని ఫిల్ములు వాడామో రాసి సంతకం పెడుతున్నాం. దాని పక్కనే 'కుడి ఊపిరితిత్తి చూడండి, అర్జెంట్' అని కూడా రాయనివ్వండి.