మార్కులు వేసిన తర్వాత ఏం చేస్తున్నారు?

నర్సింగ్ కాలేజీల లైబ్రరీల్లో ఎం.ఎస్సీ. విద్యార్థినుల థీసిస్‌లు తిరగేస్తే రెండు అంశాలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, వృద్ధుల్లో డిప్రెషన్. రెండోది, హెచ్‌ఐవి నివారణ గురించి స్త్రీలకు ఎంత తెలుసు అన్నది. రెండో రకం పరిశోధనల పద్ధతి ఇంచుమించు ఒకటే. కొన్ని పదుల మంది స్త్రీలను ఎంచుకుంటారు. ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేస్తారు. చార్టులు చూపించి పాఠం చెబుతారు. ఓ వారం ఆగి అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. వారం కిందట చెప్పిన పాఠాన్నే అడిగితే పెరగక ఏమవుతాయి! బోధన ఫలితాన్నిచ్చిందని రాసి, బైండింగ్ చేయించి సమర్పిస్తారు.

ఆ అమ్మాయిలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వార్డు డ్యూటీల మధ్య, గైడు ఒప్పుకున్న అంశం మీద, దొరికిన కొద్ది నెలల్లో చేసే పని అది. పరిశోధన డాక్టర్ల సొత్తు అనుకునే ఆరోగ్య రంగంలో నర్సులు సొంతంగా ప్రశ్నలు వేయడమే ఒక ముందడుగు. అందుకే ఆ ప్రశ్నలేమిటో మనం పట్టించుకోవాలి.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ప్రతిసారీ కండోమ్ వాడితే హెచ్‌ఐవి సోకే ప్రమాదం తగ్గుతుందని మన దేశంలో 68 శాతం స్త్రీలకు తెలుసు. ఈ వ్యాధి గురించి సమగ్రమైన అవగాహన ఉన్నవారు మాత్రం స్త్రీలలో 22 శాతం, పురుషుల్లో 31 శాతం. కాబట్టి చెప్పాల్సింది చాలా ఉంది, కాదనను. కానీ అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ లెక్కలు చూడండి. పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. పిల్లలు పుట్టకుండా కండోమ్ మీద ఆధారపడే జంటలు నూటికి ఒకటి కూడా లేవు. మగవాళ్ల ఆపరేషన్ల మాట సరేసరి.

చాలామందికి పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో కండోమ్ ప్రస్తావన ఏ వంకతో రావాలి? పిల్లలు వద్దనే వంక ఎలాగూ పోయింది. ఇక ఆమె నోట ఆ మాట వస్తే భర్తకు వినబడేది ఒక్కటే, తనను అనుమానిస్తోందని. లేదా, ఆమే ఎక్కడికో వెళ్లొచ్చిందని. తన్నులు తినడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా, భార్యకు పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే భర్త బలవంతాన్ని అత్యాచారంగా లెక్కించదు. వద్దనే హక్కు చట్టంలోనే లేని స్త్రీకి, నివారణ పద్ధతులు తెలియవని సున్నా మార్కులు వేస్తున్నాం. భర్తకు వద్దని చెప్పగలవా, కండోమ్ వాడమని అడగగలవా అన్న ప్రశ్నలు జాతీయ సర్వేలోనే ఉన్నాయి. నర్సింగ్ థీసిస్‌లో వాటికి చోటెందుకు ఉండకూడదు?

తెలిసినందువల్ల వచ్చే కష్టం కూడా ఉంది. గర్భవతిగా ఆసుపత్రికి వెళ్తుంది కనుక చాలా ఇళ్లలో మొదటి పరీక్ష కోడలికే జరుగుతుంది. జబ్బు ముందు ఆమె రక్తంలో బయటపడుతుంది, తెచ్చిందీ ఆమేనంటారు. ఈ సంగతి ప్రసూతి వార్డులో పనిచేసే నర్సుకు మనకన్నా బాగా తెలుసు. కానీ ఆ అనుభవం ఆమె ప్రశ్నపత్రంలోకి రాదు.

ఇక వృద్ధుల విషయం. ఎక్కువగా వాడే కొలమానం 1980లలో అమెరికాలో యెసవేజ్, ఆయన సహచరులు తయారుచేసింది. ముప్పై ప్రశ్నల దాన్ని తర్వాత పదిహేనుకు కుదించారు. అవును, కాదు అని చెబితే చాలు. బయటికి వెళ్లడం కన్నా ఇంట్లో ఉండటమే ఇష్టమా అని ఒక ప్రశ్న. మీకన్నా ఎక్కువమంది మెరుగ్గా ఉన్నారనిపిస్తుందా అని మరొకటి. భర్త పోయిన నాటి నుంచి శుభకార్యాలకు పిలుపే లేని ఆమెను బయటికి వెళ్లడం ఇష్టమా అని అడుగుతున్నాం! పొలం కొడుకులు పంచుకుంటే, నెలకొకరింట్లో వంతు ప్రకారం అన్నం తినే తల్లి రెండో ప్రశ్నకు అవునంటే అది రోగ లక్షణమా, ఉన్న మాటా?

కొలమానాలు వద్దని అనడం లేదు. 2017-18లో జరిగిన జాతీయ వృద్ధాప్య అధ్యయనంలో అరవై దాటిన వారిలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. డాక్టరు ఆ జబ్బు ఉందని చెప్పినట్టు తెలిపినవారు 0.8 శాతమే. వయసు మీదపడితే దిగులు మామూలేనని కొట్టిపారేసే సమాజంలో నర్సు కూర్చుని అడగడం చాలా అవసరం. నా అభ్యంతరం ఆ తర్వాత జరగని పని గురించి. తీవ్రమైన డిప్రెషన్ అని పట్టికలో ఎక్కిన ఆ ముసలమ్మను ఎవరి దగ్గరికి పంపారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆమెకు వైద్యం పొందే హక్కునిచ్చింది. శాంపిల్‌లో ఒక సంఖ్యగా మిగిలినంత మాత్రాన ఆ హక్కు పోదు కదా.

లైబ్రరీలో వేర్వేరు అరల్లో ఉండే ఈ రెండు అంశాలూ ఎన్నో ఇళ్లలో కలిసే ఉన్నాయి. ప్రభుత్వం 2004లో ఉచితంగా ఏఆర్‌టి మందులు ఇవ్వడం మొదలుపెట్టేలోగా, ఆ తర్వాత అవి ఊళ్లకు అందేలోగా, ఎయిడ్స్‌తో పోయిన కొడుకులకూ కోడళ్లకూ సేవ చేసింది ముసలి తల్లులే. మనవల్ని పెంచిందీ వాళ్లే. హెచ్‌ఐవి పాఠాలు చెప్పేవారు పిల్లల్ని కనే వయసు దాటిందని వాళ్లను వదిలేశారు. డిప్రెషన్ కొలిచేవారు ఆ చావుల గురించి అడగలేదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎనభై ఏళ్లలోపు వారికి నేటికీ నెలకు 200 రూపాయలే.

నర్సింగ్ కాలేజీల్లో పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలున్నాయి. నియమాల ప్రకారం వాటిలో బయటి సామాజిక ప్రతినిధి ఒకరు ఉండాలి. మన జిల్లాల్లోని మహిళా సంఘాలు ఆ స్థానం అడగాలి. ప్రతి ప్రతిపాదన మీదా రెండు విషయాలు రాతపూర్వకంగా కోరాలి: హింస గురించి చెప్పిన స్త్రీకి, డిప్రెషన్ ఉందని తేలిన వృద్ధురాలికి మర్నాటి నుంచి సాయం చేసేది ఎవరు, అందుకయ్యే ఖర్చు విద్యార్థిని జేబులోంచి కాకుండా ఎక్కడి నుంచి వస్తుంది.