జ్ఞాపకం ఒక్కటే చాలదు

పుస్తకావిష్కరణ ఏ నగరంలో జరిగినా రచయితకు తప్పని ప్రశ్న ఒకటుంది: 'మీకు ప్రేరణ ఎవరు?' అమ్మ అనో, చిన్నప్పటి తెలుగు మాస్టారు అనో, శ్రీశ్రీ అనో జవాబు వస్తుంది. చప్పట్లు కొడతాం, ఫొటోలు దిగుతాం, భోజనాలకు లేస్తాం. రాయాలన్న ఆశ ఎవరు పుట్టించారన్నది ఒక సంగతి. ఫలానా కథ రాస్తే తప్ప నిద్రపట్టని స్థితి ఎందుకొచ్చిందన్నది ఇంకో సంగతి. ఈ రెండోదానికి జవాబు సభల్లో కన్నా రచనల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. పరాయి దేశంలో తెలుగు నిలబడాలని కోరుకునే మనం దాన్ని కాస్త పట్టించుకోవాలి.

తెలుగు కథ తొలి అడుగులే చూడండి. 1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి'లో ఒక పేద ఇల్లాలు దొంగసొమ్ము వద్దని భర్తను దారికి తెస్తుంది. 1910లో గురజాడ అప్పారావు రాసిన 'దిద్దుబాటు'లో చదువుకున్న భార్య, వేశ్యల పాటల మోజులో పడిన భర్తకు ఉపాయంగా బుద్ధి చెబుతుంది. అప్పటి ఇళ్లలో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని విషయాలవి. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలుచుకుంది. అందులో ఉన్నదల్లా ఒక చిన్న రైల్వే స్టేషను, ఒక తుపాను రాత్రి, నీతి నియమాలు గిరిగీసుకుని బతికే ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. ప్రపంచాన్ని మెప్పించడానికి ఆయన పరాయి సరుకు తెచ్చుకోలేదు.

మన కాలపు రచయితల దారీ అదే. స్త్రీవాద కవులు వంటింటి చాకిరీని, కాన్పు నొప్పిని, నాలుగు గోడల మధ్య అణచుకున్న కోపాన్ని కవిత్వం చేశారు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం ఆ గొంతులను ఒకచోట చేర్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' దళిత కవుల అవమానాన్ని, ఆగ్రహాన్ని పాఠకుల ముందు పెట్టింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఒక ముస్లిం ఇంటి బాల్యాన్ని నెల్లూరు యాసలో చెప్పి నవ్వించాయి, కళ్లూ తడిపాయి. ఓల్గా 'విముక్త'లో సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో మాట్లాడించి, పాత కథను కొత్త ప్రశ్నలు అడిగారు. 2015లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో అదే పురస్కారం అందుకున్న గోరటి వెంకన్న పల్లె పాటనే నమ్ముకున్న కవి. వీరి భావాలు వేరు, బాణీలు వేరు. తమకు బాగా తెలిసిన బతుకు పుస్తకాల్లో కనబడటం లేదన్న వెలితి మాత్రం వీరిలో చాలామంది చేత కలం పట్టించింది.

ఇక మన సంగతి. సముద్రం దాటిన తెలుగువాడికి తొలి ప్రేరణ దూరమే. అమ్మ చేతి ముద్ద, సంక్రాంతి ముగ్గు, చెరువుగట్టు, తొలకరి వాసన - ఇవి లేని ఉగాది కవి సమ్మేళనం ఉండదు. అందులో తప్పేమీ లేదు. హ్యూస్టన్‌లో 1994లో మొదలైన వంగూరి ఫౌండేషన్ 'అమెరికా తెలుగు కథానిక' సంపుటాలు తెచ్చింది. 1998 నుంచి 'ఈమాట' పత్రిక ఇంటర్నెట్‌లో వస్తోంది. వలస జీవితాన్ని నిజాయితీగా రాసినవారు వీటిలోనూ, బయటా ఉన్నారు. అయినా మన సావనీర్లు తిరగేస్తే ఎక్కువగా కనిపించేది వదిలొచ్చిన ఊరే. అదీ మనం వదిలొచ్చిన రోజున ఎలా ఉందో అలాగే. నిజం ఊరు అక్కడే ఆగిపోలేదు. చేలు ప్లాట్లయ్యాయి. పిల్లలు ఎగిరిపోయిన ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు ఫోను మోగుతుందేమోనని చూస్తున్నారు. ఆ పిల్లలం మనమే. ఈ సంగతి మన కవితల్లో ఎంత తక్కువ!

ఇక్కడి బతుకులో కథలకు కొదవా? అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రెండు నెలలూ పిల్లల ముందు నవ్వుతూ తిరిగే తండ్రి ఎన్ని ఇళ్లలో లేడు? హెచ్‌4 వీసా మీద వచ్చిన భార్యలకు 2015 దాకా ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తరువాతైనా కొందరికే దక్కింది. చదివిన ఇంజనీరింగు అటకెక్కి, పగలంతా ఒంటరిగా గడిపిన ఆ ఆడవాళ్ల కాలం ఏ కథలో ఉంది? గల్ఫ్ లేబర్ క్యాంపులో రాత్రి డ్యూటీ దిగి, కూతురు పంపిన వాయిస్ మెసేజ్‌ను మళ్లీ మళ్లీ వినే నిజామాబాద్, జగిత్యాల తండ్రులున్నారు. కన్నతల్లి అంత్యక్రియలను ఫోను తెరమీద చూసి, మర్నాడు ఆఫీసుకు వెళ్లినవాళ్లున్నారు. తాతయ్యతో మాట్లాడటానికి మాటలు చాలక ఊరికే నవ్వి ఫోను అమ్మకిచ్చే పిల్లలున్నారు. వేల మైళ్లు దాటొచ్చినా పెళ్లి సంబంధం దగ్గర బయటపడే కులం ఉంది. గడప దాటి బయటకు రాని దెబ్బలూ ఉన్నాయి.

వీటిని రాసేవారు లేకపోలేదు. మనం రాయనిచ్చేది తక్కువ. 'పండగ పూట ఈ ఏడుపు దేనికండీ, మన సంస్కృతి గొప్పతనం గురించి రాయండి' అంటాం. ఎవరైనా రాస్తే 'ఇది ఫలానావారి ఇంటి గొడవే కదా' అని ఆరా తీస్తాం. నలుగురూ ఒకరికొకరు తెలిసిన చిన్న సమాజంలో రచయిత్రికి ఆ మాట చాలు, కలం మూసేయడానికి. ఏడాదంతా కష్టపడి ఒకపూట కలుసుకునేవారు సంతోషంగా గడపాలనుకోవడం న్యాయమే. కానీ ఆ ఒక్కపూట తప్ప కథకూ కవితకూ చోటు లేకపోవడం న్యాయం కాదు. పక్కింటి పరువు తీయకుండా కథ రాయడం రచయిత బాధ్యత. కథలో తన ఇల్లు కనబడినా చివరిదాకా చదవడం పాఠకుడి బాధ్యత.

ఇది రచయితల సమస్య మాత్రమే అనుకోవద్దు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా సాగిన ఆ వలసలో తెలుగువారు వేలల్లో ఉన్నారు. వారి సంతానం 1931లోనే దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది. పండగలు, భజనలు నిలబెట్టుకుంది. కానీ చెరకు తోటలో తొలి రాత్రి ఒక తెలుగు తల్లి ఏమనుకుందో తెలుగులో చెప్పే కథ మనలో ఎంతమందిమి చదివాం? ఆ తరానికి చదువు లేదు, తీరిక లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఇంకో 50 ఏళ్లకు మన మనవలు మన గురించి వెతికితే పండగ ఫొటోలు బోలెడు దొరుకుతాయి. మన భయాలు, తగవులు, రాజీలు దొరుకుతాయా?

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. సంఘాలు సావనీరులో నాలుగు పేజీలు ఇక్కడి జీవితం మీద రాసిన కథలకు కేటాయించవచ్చు. కవికి మూడు నిమిషాలిచ్చి మైకు లాక్కునే బదులు, నెలకోసారి ఎవరింట్లోనైనా పదిమంది కూర్చుని ఒక్క కథ చదివి మాట్లాడుకోవచ్చు. తెలుగు బడి పిల్లల చేత 'నా మాతృభూమి' వ్యాసం కాకుండా 'మా ఇంట్లో నిన్న' అని పది వాక్యాలు రాయించవచ్చు. అందులో తప్పులుంటాయి, ఇంగ్లిషు మాటలుంటాయి. ఉండనివ్వండి. సొంత ఇంటి సంగతి రాసిన పిల్ల రేపు ఆ భాషను అంత సులువుగా వదలదు.

ఊరి మీద బెంగ మనచేత మొదటి కవిత రాయించింది. దాని మేలు మరవద్దు. రెండో కవిత మాత్రం ఇప్పుడుంటున్న ఇంటి నుంచి రావాలి. అది వచ్చినప్పుడు మనకు కాస్త ఇబ్బందిగా ఉన్నా సరే, కూర్చుని విందాం.