నొప్పులు తెప్పించే మాత్ర... మోతాదు మించితే ముప్పు

నెలలు నిండి, గడువు దాటినా నొప్పులు రాని గర్భిణికి మిసోప్రోస్టాల్ మాత్ర ఒక వరం. కొలత తప్పినా, కాపలా కొరవడినా అదే మాత్ర తల్లీబిడ్డల ప్రాణాల మీదకు తెస్తుంది.

జీర్ణాశయ పుండ్ల చికిత్సకు రూపొందిన ఈ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కాన్పు నొప్పులు తెప్పించేందుకు అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. బిగుసుకుని ఉన్న గర్భాశయ ముఖద్వారాన్ని ఇది మెత్తబరుస్తుంది, గర్భాశయ కండరాలను ముడుచుకునేలా చేస్తుంది. ఇదే పనికి వాడే డైనోప్రోస్టోన్ జెల్ ఖరీదైనది, ఫ్రిజ్‌లో భద్రపరచవలసినది. మిసోప్రోస్టాల్‌కు ఆ బెడద లేదు. నాగ్‌పూర్‌లోని రెండు ప్రభుత్వ ఆసుపత్రులలో అధిక రక్తపోటు గల 602 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఈ మాత్ర మింగినవారిలో 57 శాతం మందికి 24 గంటల్లోగా సహజ కాన్పు జరిగింది. ముఖద్వారంలో బెలూన్ గొట్టం అమర్చినవారిలో అది 47 శాతమే.

ఎనిమిదో ముక్కతోనే చిక్కు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మోతాదు 25 మైక్రోగ్రాములు. నోటి ద్వారా అయితే రెండు గంటలకోసారి, యోనిలో ఉంచితే ఆరు గంటలకోసారి ఇవ్వాలి. అందుబాటులో ఉన్నది 200 మైక్రోగ్రాముల మాత్ర అయితే దానిని ఎనిమిది ముక్కలు చేయాలి. బ్లేడుతో కోసిన ముక్కలన్నీ సమానంగా ఉండవు. మోతాదు పెరిగితే నొప్పులు ఎడతెరిపి లేకుండా వచ్చి, మాయ ద్వారా బిడ్డకు అందే రక్తం తగ్గి, గుండె వేగం పడిపోవచ్చు. సెలైన్‌లో ఎక్కించే ఆక్సిటోసిన్‌ను వెంటనే ఆపవచ్చు. మింగిన మాత్రను వెనక్కి తీయలేము. కనుకనే ఈ మందు ఇచ్చిన గర్భిణిని ఒంటరిగా వదలరాదని, వీలైనంత వరకు సిజేరియన్ సదుపాయం ఉన్నచోటనే ఇవ్వాలని నిబంధన.

పాత కోతకు ప్రమాదం

మునుపు సిజేరియన్ అయినవారికి నొప్పులు తెప్పించేందుకు ఈ మాత్ర వాడరాదు. గర్భాశయంపై పాత కుట్టు చిట్లే ప్రమాదముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్లే. మరుసటి కాన్పుకు వచ్చే మన మహిళల్లో ఎందరికో ఈ హెచ్చరిక వర్తిస్తుందన్నమాట. పాత కాన్పు కాగితాలు చూడనిదే మాత్ర చేతికివ్వడం ప్రాణాలతో చెలగాటమే.

ఇతర సమస్యలేవీ లేనప్పుడు 41 వారాలకు ముందు నొప్పులు తెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. మంచి రోజు, తిథి చూసుకుని తొందరపెట్టే కుటుంబాలు ఈ సంగతి గ్రహించాలి. మందు ఎందుకు, ఎంత ఇస్తున్నారో అడిగి తెలుసుకోవడం గర్భిణి హక్కు. ప్రతి కాన్పు గదికీ 25 మైక్రోగ్రాముల మాత్రలు సరఫరా చేసి, బిడ్డ గుండె చప్పుడు గమనించే సిబ్బందిని రేయింబవళ్లు నియమించడం యంత్రాంగం బాధ్యత. మాత్ర చౌకే కావచ్చు, దాని వెంట ఉండవలసిన కాపలాకు ఖర్చు తప్పదు.