వాన గీసిన మనిషి

చినుకు పడగానే మనం చూరు కిందికి పరిగెడతాం. ఆండీ గోల్డ్స్‌వర్తీ మాత్రం ఉన్నచోటే వెల్లకిలా పడుకుంటారు! చుట్టూ నేల తడిసి నల్లబడేదాకా కదలరు. ఆ తర్వాత మెల్లగా లేస్తారు. ఆయన ఒళ్లంతా ముద్ద... నేలమీద మాత్రం మనిషి ఆకారంలో పొడి మచ్చ. వాన సాగుతుంటే అదీ కాసేపే. చెరిగిపోయేలోగా ఫొటో తీయాలి. ఆ ఫొటోలో మనిషి ఉండడు, అతడు పడుకున్న చోటే ఉంటుంది.

ఈ 'వాన నీడలు' 1984లో మొదలయ్యాయి. 1956లో ఇంగ్లండ్‌లో పుట్టి స్కాట్లండ్ పల్లెలో స్థిరపడ్డ ఈ శిల్పి, పదమూడేళ్లప్పటి నుంచే పొలం పనులకు వెళ్లారు. ఆకులూ రాళ్లూ ముళ్లూ ఏవి దొరికితే అవే ఆయన సరుకు. ఆకుల్ని ముళ్లతో కుడతారు, మంచు ముక్కల్ని ఉమ్మితో అతికిస్తారు (నిజమే, గడ్డకట్టే చలిలో ఉమ్మీ జిగురే!). వీటిలో చాలావరకు గాలికీ ఎండకీ పోయేవే. మిగిలేది ఫొటో.

2000 జూన్ 21న లండన్ వాసులు నిద్రలేచేసరికి వీధుల్లో 13 పెద్దపెద్ద మంచు బంతులు! స్కాట్లండ్ చలికాలంలో చుట్టి, కోల్డ్ స్టోరేజీలో దాచినవి. కరిగేకొద్దీ లోపల్నుంచి గొర్రె ఉన్ని, బార్లీ, కాకి ఈకలు, ముళ్లతీగ... ఒక్కో బంతిలోంచి ఒక్కోటి బయటపడ్డాయి. కొద్దిరోజులకు రోడ్డుమీద తడి కూడా లేదు.